నరసాపురం లాకుల దొర సరే, ఆయన భార్య పేరు ఎక్కడ దొరుకుతుంది?

లెక్కల టీచరు (నరసాపురం):

మా అమ్మమ్మకు అమ్మమ్మ ఎవరో కనుక్కోవాలి. ఆవిడ భర్త ఇంగ్లీషు దొర. దొర గురించి మా చుట్టాల్లో ఎవరిని కదిపినా ఒక కథ చెబుతారు. ఆయన గుర్రం రంగు కూడా చెబుతారు (తెల్లదని కొందరు, ఎర్రదని కొందరు, ఈ విషయం మీద మాట్లాడుకోని చుట్టాలు కూడా ఉన్నారు). ఆవిడ పేరేమిటి, ఏ ఊరి పిల్ల అని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. దాచి కాదు, తెలియక.

మా దగ్గర ఉన్న ఆధారం ఒక పుస్తకం. లెక్కల్లో మొదటి బహుమతిగా దొరకు చిన్నప్పుడు ఇచ్చినది. లెక్కల్లో గెలిచిన పిల్లవాడికి మతప్రసంగాల పుస్తకం ఎందుకిచ్చారో వాళ్లకే తెలియాలి. అట్ట లోపల అంటించిన చీటీ మీద ఆయన పేరు, 1859 అనే సంవత్సరం, చివర బార్న్‌స్టేపుల్ అనే ఊరు సిరా మాసినా చదవవచ్చు. బడి పేరు ఉండాల్సిన చోట చెదపురుగు తిన్న సొరంగం ఉంది. అటూ ఇటూ కాగితం చెక్కుచెదరలేదు, సరిగ్గా ఆ పేరే పోయింది.

ఆయన పూర్తి పేరు ఇక్కడ రాయడం లేదు. సాయం చేసేవారికి విడిగా చెబుతాను. ఆ ఇంటిపేరు ఇంగ్లండులో వీధికి నలుగురికి ఉంటుందని మాత్రం ముందే చెబుతున్నాను.

లెక్క ఇలా వేశాను. మా అమ్మమ్మ వాళ్ల అమ్మ, అంటే దొర కూతురు, 1950లో 66 ఏళ్ల వయసులో పోయింది, సమాధి రాయి మీద ఉంది. అంటే పుట్టింది 1884 ప్రాంతంలో. బహుమతి నాటికి దొరకు పది నుంచి పదమూడేళ్లు అనుకుంటే ఆయన పుట్టుక 1846కు, 1849కి మధ్య పడుతుంది. కూతురు పుట్టేనాటికి ముప్పై అయిదు దాటాయి. ఇక్కడి వరకు లెక్క కుదిరింది.

మిగిలినవన్నీ నోటిమాటలే. కాలువ లాకుల (నీటి గేట్ల) మీద పని చేశాడంటారు, ధవళేశ్వరం వర్కుషాపులో అని మరికొందరు. పెద్దకొడుకును చదువు కోసం ఇంగ్లండు పంపించారని, వాడు మళ్లీ రాలేదని అమ్మమ్మ చెప్పేది. దొర ఇక్కడే జ్వరంతో పోయాడని ఒక మాట, ఓడెక్కి వెళ్లిపోయాడని ఇంకొక మాట. మా అమ్మ వైపు వారు తరతరాలుగా బ్రదరన్ అనే క్రైస్తవ సంఘం వారు.

మన జనాభా లెక్కల్లో ఆవిడ దొరుకుతుందా? ఇక్కడి బళ్లలో వెతకడం నాకు చేతనైన పని, రిజిస్టర్ల మధ్యే ఉద్యోగం చేశాను కాబట్టి. కానీ పిల్లలు చదివి ఉండవచ్చనుకున్న ఒక పాత బడికి వెళితే (పేరు చెప్పను) ఆ కాలపు అడ్మిషను రిజిస్టర్లు వరదకు తడిస్తే పారేశామన్నారు. అయినా ఉన్నా ఏం లాభమో తెలియదు. పాత రిజిస్టర్లలో తండ్రి లేదా సంరక్షకుడు అని ఒక గడి ఉంటుంది. తల్లికి గడే లేదు.


ఎక్సెటర్ నుంచి:

టీచరుగారూ, నమస్కారం. నేను అమలాపురం వాడిని, ఇంగ్లండులోని డెవన్ కౌంటీలో, ఎక్సెటర్‌లో పదేళ్లుగా ఉంటున్నాను. మీ బార్న్‌స్టేపుల్ ఇక్కడికి రైలులో గంటంపావు దూరం. సెలవు రోజుల్లో పాత కాగితాలు తిరగేయడం నాకు అలవాటు.

ముందు చేదు మాట. మన దేశంలో 1871 నుంచి జనాభా లెక్కలు తీస్తూనే ఉన్నారు, 1881 ఫిబ్రవరి 17న దేశమంతా ఒకేసారి తీశారు. కానీ ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలను పట్టికలు వేశాక ఉంచలేదు. మనకు మిగిలింది మొత్తాలే. గోదావరి జిల్లాలో ఎంతమంది ఆడవారో తెలుస్తుంది, అందులో మీ దొర భార్య ఎవరో తెలియదు. ఆ దారి మూసుకోండి.

ఇంగ్లండులో అలా కాదు. లెక్కలవాళ్లు ఇంటింటి వివరాలు ఎక్కించిన పుస్తకాలు ఉన్నాయి. 1841లో పెద్దల వయసు కింది అయిదుకు తగ్గించి (37 అయితే 35 అని) రాశారు, పుట్టిన ఊరు కూడా రాయలేదు కాబట్టి దానితో పెద్ద పని జరగదు. 1851 నుంచి వయసు, ఇంటిపెద్దకు ఏమవుతారు, పెళ్లయిందా, ఏం పని చేస్తారు, ఏ ఊళ్లో పుట్టారు అన్నీ ఉంటాయి. చదువుకునే పిల్లల పని గడిలో విద్యార్థి అని రాసేవారు. దొర 1847 ప్రాంతంలో పుడితే 1851 మార్చి 30 రాత్రి నాలుగేళ్ల పిల్లవాడిగా, 1861 ఏప్రిల్ 7 రాత్రి పధ్నాలుగేళ్ల కుర్రాడిగా పట్టుబడాలి. 1881 ఏప్రిల్ 3 రాత్రికి ఇండియాలో ఉండాలి కాబట్టి అక్కడ కనబడకూడదు. కనబడితే అతను మీ దొర కాడు. ఒకే పేరున్న వారిలో మనవాడిని ఏరడానికి ఇదే మంచి జల్లెడ.

బడి సంగతి. ఆ రోజుల్లో పేదపిల్లల బళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఆంగ్లికన్ చర్చి వారి నేషనల్ స్కూళ్లు ఒకటి, చర్చికి బయట ఉన్న సంఘాల వాళ్లు ఎక్కువగా పంపే బ్రిటిష్ స్కూళ్లు రెండు. ప్రధానోపాధ్యాయుడు రోజువారీ దినచర్య రాసే పుస్తకాలు 1862 తర్వాతే ప్రభుత్వ గ్రాంటు తీసుకునే బళ్లలో తప్పనిసరి అయ్యాయి కాబట్టి 1859 నాటి కుర్రాడు వాటిలో దొరకడం కష్టం.

మీ పోస్టులో నన్ను ఆపినది బ్రదరన్ అనే మాట. 1836లో బ్రదరన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట గోదావరికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఈ బార్న్‌స్టేపుల్ ప్రాంతం వాళ్లే. పాలకొల్లు, నరసాపురం వాళ్లు పనిచేసిన చోట్లు. కాబట్టి దొర లాకుల ఉద్యోగానికే వచ్చి ఉండనక్కర్లేదు. వాళ్ల ఊరివాళ్లు అప్పటికే మీ ఊళ్లో ఉన్నారు. సంఘం మనిషిగా వచ్చి, ఉద్యోగం తర్వాత చేరి ఉండవచ్చు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. బ్రదరన్ వారు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఇండియాలోని యూరోపియన్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు పంపేవారు. మద్రాసు ప్రెసిడెన్సీవి బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరసలో ఉన్నాయి. అందులో పిల్లల బాప్తిస్మం దొరికితే తల్లి పేరు దొరికేది. మీ వాళ్లకు ఆ అవకాశం తక్కువ. పెళ్లి మాత్రం వేరు. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగి ఉంటే పెళ్లికూతురు పేరే కాదు, ఆమె తండ్రి పేరు కూడా రాసేవారు. బ్రిటిష్ ఇండియా కుటుంబాల వివరాలు సేకరించే ఫిబిస్ అనే సంఘం వారి సూచికలు ఉచితంగా వెతుక్కోవచ్చు. నరసాపురానికి ఆ కాలపు ఇంగ్లీషు వర్ణక్రమాలు చాలా ఉన్నాయి, అన్నీ ప్రయత్నించండి.

పేరు విడిగా పంపండి, ఇక్కడ చూస్తాను.


కొత్తపేట కుర్రాడు:

ఇంత శ్రమ ఎందుకు టీచరుగారూ, డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే సరిపోతుంది కదా. ఉమ్మి సీసాలో వేసి పంపడమే.


లెక్కల టీచరు (నరసాపురం):

బాబూ, దొర నాకు నాలుగు తరాల పైన. ఆయన వాటా నాలో సగటున పదహారింట ఒక వంతు, అంటే వందకు ఆరు. ఇంగ్లండులో ఎవరో దూరపు చుట్టం తేలితే తేలవచ్చు. ఇక పిల్లలకు తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఉంది చూశావా, నాకు అమ్మ నుంచి, ఆమెకు అమ్మమ్మ నుంచి, అలా తిన్నగా ఆవిడ నుంచే వచ్చింది. నాది ఆవిడ తల్లివరసేనని మహా అయితే పరీక్ష చెబుతుంది. అది నాకు ఉమ్మి ఖర్చు లేకుండానే తెలుసు. సీసాలోంచి పేరు రాదు.

ఎక్సెటర్ బాబుకు వివరాలు పంపాను. బౌడెన్, బీర్ల పేర్లు మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్లు ఏ ఊరి వాళ్లని ఎవరం ఎప్పుడూ అడగలేదు.


దస్తావేజు లేఖరి (పాలకొల్లు):

టీచరమ్మా, మీరంతా దొరను పట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్లాలని చూస్తున్నారు. నేను నలభై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాశాను. నాకు తోచింది చెబుతాను.

అడగకూడని మాట ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. చట్టప్రకారం పెళ్లి జరిగిందో లేదో తెలియదు కదా. జరగకపోతే లండన్ కాగితాల్లో ఆవిడ ఉండదు. జరిగినా ఆ నకలు దొరకకపోవచ్చు. కానీ ఇల్లో, స్థలమో ఉండి ఉంటుంది. దొరలు చాలామంది తమతో కాపురం చేసిన ఆవిడ పేరున ఒక ఇల్లు రాసేవారు. అలా రాసిన పాత దస్తావేజులు నా కళ్లతో చూశాను. ఆ ఇల్లు మీ ముత్తవ్వగారికి తల్లి నుంచే వచ్చి ఉంటే, ఇచ్చే మనిషి ఆ తల్లే. పాత దస్తావేజులో మొదటి వాక్యమే మనకు కావలసింది. ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్థురాలు, ఫలానా వారి కుమార్తె, ఫలానా పేరుగల ఆమె రాయించి ఇచ్చినది అని మొదలవుతుంది. దాని తర్వాతే నాలుగు హద్దులు, రొక్కం అన్నీ.

ఇళ్లు, స్థలాల దస్తావేజులకు ఇండెక్సులు రెండు. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో దానిలో ఆస్తులు. మీకు పేరు తెలియదు కాబట్టి రెండో దానిలో వెతకాలి. ఇళ్లు, స్థలాల దస్తావేజులు ఎక్కేది ఒకటో పుస్తకంలోకి, వాటి నకలు ఫీజు కడితే ఎవరికైనా ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను. మీకు బంధుత్వం రుజువు చేయమంటే ఈ మాట చెప్పండి. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవారు బతికి ఉండగా వాటికి ఈ హక్కు లేదు, పోయాక ఎవరైనా నకలు అడగవచ్చు.

ఇంకొకటి. నరసాపురం 1859 నుంచి గోదావరి జిల్లా, 1904లో కృష్ణాలో కలిపారు, 1925లో పశ్చిమ గోదావరి అయింది. ఏ సంవత్సరం కాగితానికి ఏ జిల్లా పేరు పెట్టాలో తెలియక తిరిగేవారిని చూశాను.

ఆ ఇల్లు మీ వాళ్లు అమ్మేశారా, ఇంకా ఉందా? అమ్మితే అమ్మిన దస్తావేజు తీసి చూడండి. ఎలా సంక్రమించిందో అందులో రాయకుండా ఏ లేఖరీ ఊరుకోడు.


ఎక్సెటర్ నుంచి:

టీచరుగారూ, కొంత దొరికింది.

1861లో బార్న్‌స్టేపుల్ చుట్టుపక్కల ఆ పేరుతో ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఒకడు పన్నెండేళ్లకే పొలాల్లో పాలేరు, చుట్టూ ఇంటివాళ్లు ఎవరూ లేరు. రెండోవాడికి పదమూడేళ్లు, విద్యార్థి. తండ్రి లేడు. తల్లి విధవరాలు, లేసు మిల్లులో పని. 1859లో లెక్కల బహుమతి పుచ్చుకునేవాడు ఈ రెండోవాడే కావాలి, పాలేరుకు బడి ఎక్కడిది.

1871లో ఈ రెండోవాడు డెవన్ దాటి ఒక రేవు పట్టణంలో అద్దెగదిలో ఉన్నాడు. వృత్తి ఫిట్టరు. ధవళేశ్వరం వర్కుషాపు కథకు ఇది బలం. 1881లో ఎక్కడా లేడు. పాలేరు మాత్రం 1881లోనూ డెవన్‌లోనే ఉన్నాడు, పెళ్లాం పిల్లలతో.

అసలు సంగతి 1891 ఏప్రిల్ 5 పేజీలో ఉంది. అదే తల్లి, ఇప్పుడు డెబ్బై ఏళ్లు, అదే వీధి. ఆమె కింద గీతలో మనవడు, తొమ్మిదేళ్లు, విద్యార్థి. పుట్టిన ఊరి గడిలో లెక్కలు రాసుకునేవాడు ముందు ఇండియా అని గుండ్రంగా రాశాడు. తర్వాత ఇంకొక మాట మొదలుపెట్టి, ఎలా రాయాలో తెలియక కాబోలు, ఎన్ అక్షరం పక్కన నాలుగైదు వంకరలు తిప్పి వదిలేశాడు. పై గీతలో బార్న్‌స్టేపుల్ అని ముత్యాల్లా రాసినవాడే. పిల్లవాడి పేరు మీకు విడిగా పంపాను.

ముసలావిడకు కోడలు ఎవరో ఈ కాగితానికి అక్కర్లేదు. ఈ పిల్లవాడు పెద్దయి ఇక్కడే పెళ్లి చేసుకున్నా లాభం లేదు. ఇంగ్లండు పెళ్లి కాగితాల్లో తండ్రి పేరు, ఆయన వృత్తి మాత్రమే అడిగేవారు. తల్లి పేరుకు చోటు ఇచ్చింది 2021లో.


లెక్కల టీచరు (నరసాపురం):

ఆ పిల్లవాడి పేరు మా అమ్మమ్మ చెప్పిన పేరే. నేను మీకు ముందుగా ఆ పేరు చెప్పలేదు, కావాలనే చెప్పలేదు. ఇప్పుడు నాకు సందేహం లేదు.

లేసు మిల్లు అన్నారు. ఇక్కడ మా ఊళ్లో ఇంటింటా ఆడవాళ్లు లేసు అల్లుతారు, అది మిషనరీల నుంచి వచ్చిందని చెబుతారు. దీనికీ దానికీ ఏమైనా లంకె ఉందా?

ఒక సంగతి మనసులో ముల్లులా ఉంది. తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఓడెక్కించి, డెబ్బై ఏళ్ల నాయనమ్మ దగ్గరకు పంపారు. వాడి చెల్లెలికి అప్పటికి ఏడేళ్లు. ఆడపిల్లను ఇక్కడ ఉంచారు. మేమంతా ఇక్కడ పుట్టింది అందుకే.


ఎక్సెటర్ నుంచి:

లేసుకు లంకె కట్టకండి. బార్న్‌స్టేపుల్ వాళ్లది ఆవిరి యంత్రాల మీద నేసిన వలగుడ్డ. మీ నరసాపురం పని చేతి కొంకిసూదితో అల్లేది. కథకు బాగుంటుంది కానీ ఆధారం లేదు.

పిల్లవాడి బడి రిజిస్టరు మిగిలి ఉంటే చూస్తాను. ఇక్కడి అడ్మిషను రిజిస్టర్లలో పుట్టిన తేదీ, సంరక్షకుల పేరుతో పాటు అంతకుముందు చదివిన బడి అనే గడి ఉంటుంది. నరసాపురంలో ఏ బడిలో చదివాడో అక్కడ రాసి ఉండవచ్చు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు దేశమంతా తీసిన జాబితా కూడా ఉంది, బతికి ఉంటే అందులో దొరకాలి. 1931 లెక్కల పుస్తకాలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. కాబట్టి ఆ వయసు వాళ్లకు 1921 తర్వాత ఆ జాబితాయే గతి.


లెక్కల టీచరు (నరసాపురం):

లేఖరిగారూ, మీరు చెప్పినట్లే చేశాను. ఇల్లు అమ్మేసిన దస్తావేజు మా మేనమామ పెట్టెలో ఉంది. 1934 నాటిది. అమ్మింది మా అమ్మమ్మ వాళ్ల అమ్మ. సంక్రమణ గురించి రాసిన వాక్యం ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాను: "నాకు నా తల్లిగారి వలన 1903 సంవత్సరములో దఖలు దస్తావేజు మూలకముగా సంక్రమించి నాటినుండి నా స్వాధీనానుభవములో యున్న పెంకుటిల్లు." తల్లిగారి వలన అట. ఇంత పొడుగు వాక్యం రాసిన పెద్దమనిషికి పేరు ఒక్కటే బరువైంది. కింద మాత్రం పాత దస్తావేజు నంబరు, వాల్యూము నంబరు ఉన్నాయి.

1903లో ఇల్లు రాసిచ్చింది అంటే అప్పటికి ఆవిడ బతికే ఉంది. దొర పోయాడో వెళ్లాడో గానీ, ఇల్లు ఆవిడ చేతిలో ఉంది. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి.


దస్తావేజు లేఖరి (పాలకొల్లు):

నంబరు దొరికిందంటే పని ముప్పాతిక అయినట్లే తల్లీ. 1903 గనుక దరఖాస్తులో గోదావరి జిల్లా అని రాయండి, పశ్చిమ అని రాయకండి. పుస్తకం నరసాపురంలో లేదంటే జిల్లా రిజిస్ట్రారు రికార్డు గదికి వెళ్లి ఉంటుంది, లేదని ఒప్పుకుని వచ్చేయకండి. నకలు వచ్చాక వేలిముద్ర వేసిందా, సంతకం చేసిందా చూడండి. సాక్షుల పేర్లు కూడా వదలవద్దు. ఆడవారి దస్తావేజుకు పుట్టింటి వారిని సాక్షులుగా పెట్టుకోవడం మామూలు. ఆ సాక్షి ఏ ఊరివాడైతే ఆవిడది ఆ ఊరే కావచ్చు.


లెక్కల టీచరు (నరసాపురం):

దరఖాస్తు పెట్టాను. రసీదు ఇచ్చారు. పుస్తకం ఇక్కడే ఉందని గుమాస్తా చెప్పాడు, బైండింగు ఊడిపోయింది గనుక తిప్పడానికి కొంత సమయం కావాలన్నాడు. నకలు చేతికి రాగానే మొదటి వాక్యం, సాక్షుల పేర్లు లేఖరిగారికి విడిగా పంపుతాను, ఆ లిపి చదవడం నావల్ల అవుతుందో కాదో. ఎక్సెటర్ బాబూ, నువ్వు ఆ రిజిస్టరులో అంతకుముందు చదివిన బడి గడి మాత్రం మరచిపోకు.